ఐదు మార్కుల ప్రశ్న

కాశీనగరంలో మా బడి కిటికీ తెరిస్తే వంశధార.
అవతల ఇసుక తవ్వే ట్రాక్టర్లది ఆంధ్రా,
ఇవతలి గట్టున మేసే మేకలది ఒడిశా.
దాహమేస్తే మేకలు
మధ్యలో ఉన్న నీళ్లే తాగుతాయి.

తెలుగు మీడియం తొమ్మిదో తరగతి, పదకొండు మంది.
పాఠం: ఆఫ్రికా ఖండపు పంపకం.
బోర్డు మీద ఖండం గీశాను,
కొంచెం చెవిలా వచ్చింది.
స్కేలు పెట్టి గీతలు కొట్టాను.
స్కేలు జారిన చోట ఒక తెగ రెండయింది.

"వలస పాలనకు కారణములు, ఫలితములు వ్రాయుము."
ఏటా వస్తుంది, ఐదు మార్కులు.
రబ్బరు, దంతం, పత్తి, రాగి...
సంత నుంచి తేవలసినవి అప్పజెప్పినట్టు చెప్తారు పిల్లలు.
మార్కెట్లు, ముడిసరుకులు,
నాగరికత నేర్పే బాధ్యత.
ఆ చివరిది చదివేటప్పుడు
నాకెందుకో ప్రతిసారీ దగ్గొస్తుంది.

ఈసారి పుస్తకం మూసేసి
మా అమ్మమ్మ తండ్రి దుంగ గవరయ్య గురించి చెప్పాను.

శిస్తు కింద ఎడ్లు పోయిన ఏడు.
పర్లాకిమిడిలో దండోరా వేశారు:
పటాలంలో చేరితే నెలకి పదకొండు రూపాయలు, జత బూట్లు.
బూట్ల కోసమే చేరాడట.
భుజాన తుపాకీ, వీపున పార,
ఓడలో రోజుల తరబడి వాంతులు,
దిగింది టాంగా అనే రేవులో.
మన నెత్తి మీద కూచున్న దొర పంపితే
వాళ్ల నెత్తి మీద కూచున్న దొరని దించడానికి.
నెత్తి ఎవరిదో వాళ్లని ఎవరూ అడగలేదు.

కొబ్బరి తోటల్లో అడుగు పెట్టగానే
తేనెటీగలు లేచాయి.
మీసాల కెప్టెన్ నుంచి వంటవాడి దాకా
సైన్యం సైన్యమంతా సముద్రం వైపు పరుగు.
ఇది చెప్తూ తాత నవ్వేవాడట,
ఉబ్బి మరి తగ్గని ఎడమ చెవి పట్టుకుని:
"ఒలమ్మీ, ఆ ఊరికి ఈగలే కాపలా.
నానెవుడ్నో ఆటికి సిటికెలో తెలిసిపోనాది.
నాకు తెల్డానికే సానా ఏళ్లు పట్టింది."

నవ్వకుండా చెప్పిన ముక్క ఇంకొకటుంది.
ఆ ఊళ్ల మగాళ్ల చేత మూటలు మోయించారు,
తుపాకీ మందు మూటలు, దొరల మంచాలు, చెంబులు.
పారిపోకుండా మెడకీ మెడకీ తాడు.
ఒక తాడు కొస మా తాత చేతిలో ఉంది.
"దారిలో ఎంతమంది పడిపోయారు నాన్నా?"
అమ్మమ్మ అడిగితే
పొయ్యిలో పుల్ల సర్దేవాడట.
మండుతున్న పుల్లే.

తిరిగొచ్చాక పతకం అమ్మితే దూడ వచ్చింది.
దూడ బతకలేదు.
బూట్లు ఎలుకలు కొట్టేశాయి.
సంత రోజున సవర ఆడవాళ్లు
సొరబుర్రల్లో తేనె తెచ్చి కూర్చునే వీధి వదిలి
ఊరంతా చుట్టి ఇంటికి వెళ్లేవాడు,
చచ్చేదాకా.

ఈగల దగ్గర నవ్విన పిల్లలు
తాడు దగ్గర ఆగిపోయారు.
వెనక బెంచీలో సొంబారి లేచింది.
వాళ్లమ్మ ఇప్పటికీ అమ్ముతుంది తేనె.

"సార్, ఆ ఊరి బడిలో కూడా
ఈ ప్రశ్న ఇస్తారు కదా?"

ఇస్తారమ్మా, ఇవ్వకుండా ఉంటారా.

"మరి మీ తాతని
కారణాల్లో రాస్తారా సార్,
ఫలితాల్లో రాస్తారా?"

గుణుపురం బండి కూత వేసుకుంటూ పోయింది.
గంట కొట్టారు. ఎవరూ కదలలేదు.
నేను డస్టరు తీసుకున్నాను.
ఖండం పోయింది గానీ
స్కేలు గీతలు పోలేదు,
మరీ నొక్కి గీసినట్టున్నాను.
ఎంతసేపు తుడిచానో.
సొంబారిని కూర్చోమనడం
మరిచిపోయాను.